మొదటి గడిలో నేను రాయనిది

ఆ నోటుబుక్కులో ప్రతి పేజీకి మూడు గడులు. మొదటి దాంట్లో ముందు ఏం జరిగిందో రాయాలి, రెండో దాంట్లో పాప ఏం చేసిందో, మూడో దాంట్లో ఆ తర్వాత ఏం జరిగిందో. గీతలు స్కేలు పెట్టి నేనే కొట్టుకున్నాను. రెండు వారాలు అలా రాస్తే పాప ఎందుకు అంతలా అరుస్తోందో తెలుస్తుందని థెరపీ అమ్మాయి చెప్పింది. ఆ రెండు వారాలూ అయ్యాక తెలియాల్సింది ఇంకొకటి కూడా ఉంది. డిసెంబరుతో నా వీసా గడువు తీరిపోతుంది. నేను పనిచేసే ఇంటి సార్ దాన్ని పొడిగిస్తారా, టికెట్ కొని చేతిలో పెడతారా అన్నది ఆ పేజీల మీదే ఆధారపడి ఉంది. పాప అరుపులకు కారణం నేనే అని తేలితే ఇక ఆ ఇంట్లో నేను ఉండడం కుదరదని ఆయన మెల్లగానే చెప్పారు. మెల్లగా చెప్పారు కాబట్టే నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

అది 2021. షార్జాలో, అల్ నహ్దాలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటు. సార్, మేడమ్ ఇద్దరూ హైదరాబాదు వాళ్ళు. మేడమ్‌కి దుబాయ్‌లో ఆఫీసు. ట్రాఫిక్‌కి జడిసి ఆరున్నరకే ఇల్లు వదిలేవారు. సార్‌కి వారంలో రెండు మూడు రోజులు ఇంట్లోనే పని. పాపకు నాలుగేళ్ళు. నలభై రోజుల బిడ్డగా నా ఒళ్ళోకి వచ్చింది. మాటలు ఆలస్యం, అప్పటికి ఓ పాతిక ముప్పై మాటలు వచ్చేవేమో. అందులో ‘ఆంతీ’ అంటే నేను. మిగతాదంతా కాళ్ళతో, చేతులతో, కళ్ళతో చెప్పేది. అవి చదవడం నాకొచ్చని నాకు గట్టి నమ్మకం.

చదవడం అంటే, నేను బడికి వెళ్ళిన మనిషిని కాదు. మాది కోనసీమ. చిన్నప్పుడు ఆయాసం వచ్చేది, అరుగు దిగితే చాలు ఊపిరి అందేది కాదు. అందుకని నాన్న ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఆయన ఒక డాక్టరు దగ్గర మందులు కట్టేవాడు. సీసాల మీద నుంచి ఊడిన కాగితాలు తెచ్చి వాటి వెనక రాయించేవాడు. అమ్మ నేర్పింది ఒకటే. పడుకోబోయే ముందు ఆ రోజుకి అయిదు కృతజ్ఞతలు చెప్పుకోవాలి. జ్వరం తగ్గిన రోజూ అయిదే, తగ్గని రోజూ అయిదే. షార్జా వచ్చాక కూడా గిన్నెలు తోముకుంటూ అవి చెప్పుకుంటూనే ఉన్నాను. తిప్పితే నీళ్ళు వచ్చాయి, స్తోత్రం. పాప పెరుగన్నం నాలుగు ముద్దలు మింగింది, స్తోత్రం.

ఆ ఇంట్లో చేరిన రోజునే మేడమ్ ఒక మాట అన్నారు. “ఆంటీ, నీ దేవుణ్ణి నువ్వు మొక్కుకో, నీ రూంల. నాకేం లేదు. పాపకు మాత్రం ఏం నేర్పొద్దు.” నేను అలాగేనండి అన్నాను. నాలుగేళ్ళలో పాప చెవిన ఆ విషయం ఒక్క మాట వేయలేదు. మాట నిలబెట్టుకుంటున్నానని అనుకునేదాన్ని. ఒక్క అలవాటు మాత్రం ఉండేది. పాపకు ఏదైనా అపాయం అనిపించినప్పుడు నెత్తి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, లోపల్లోపల అడిగేదాన్ని. పెదవి కదిపేదాన్ని కాదు. అది నేర్పడం కిందికి రాదని నా లెక్క.

ఆగస్టు చివర బడి తెరిచారు. మొదటి వారం సార్ కారులో దింపారు, పాప ఆయన వేలు పట్టుకుని వెళ్ళింది. తర్వాత బస్సు మాట్లాడారు. పొద్దున్నే తయారు చేసి, కిందకి తీసుకెళ్ళి ఎక్కించడం నా పని. స్నానం, ఇడ్లీ, యూనిఫాం, మాస్కు, అన్నీ సవ్యంగానే జరిగేవి. చెప్పుల స్టాండు పక్కన బల్ల మీద కూర్చోబెట్టి షూ తొడిగేదాన్ని. అంతవరకూ కాళ్ళు ఊపుకుంటూ ఉన్న పిల్ల ఉన్నట్టుండి కట్టెలా బిగుసుకుపోయేది. వెనక్కి విరుచుకుపడి, స్టాండు కోడు పట్టుకుని, గుక్క తిప్పుకోకుండా అరిచేది. నా మణికట్టు కొరికేది, ముఖం గీకేది. ఒక్కోసారి తిన్నదంతా కక్కేసేది. కింద బస్సులో ఉండే ఆవిడ ఫోన్ చేసి “యల్లా, యల్లా” అని తొందరపెట్టేది. చివరికి బస్సు వెళ్ళిపోయేది.

సార్ ఇంట్లో ఉండి తనే దింపిన రోజున మాత్రం చుక్క కన్నీరు ఉండేది కాదు. నాతో అరుపు, ఆయనతో నిశ్శబ్దం. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఆయన హాల్లో టీవీ పైన చిన్న కెమెరా పెట్టించారు. నాకు చెప్పే పెట్టించారు, అది ఆయన మంచితనం. వారం తిరక్కుండా ఒక మధ్యాహ్నం పిలిచి ఫోన్లో వీడియో చూపించారు. నా వీపు కనిపిస్తోంది, నా భుజం పక్కనుంచి పాప రెండు పిలకలు. నా కుడి చెయ్యి పైకి లేచింది. కిందకి దిగింది. పాప అరిచింది. ఆయన దాన్ని మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. రెండోసారి చూస్తుంటే, కొట్టింది అని నాకే అనిపించింది.

“ఆంటీ, చెయ్యెందుకు లేపినవ్?”

“కొట్టలేదండి సార్. ఎప్పుడూ కొట్టలేదండి.”

“మరి ఆ చెయ్యేంది?”

ప్రార్థన అని చెప్పాలంటే మొదటి రోజు మేడమ్‌కి ఇచ్చిన మాట అడ్డం వచ్చింది. జుట్టు సర్దానండి అన్నాను. ఆ ఇంట్లో నేనాడిన మొదటి అబద్ధం అది. నిన్ను అనుమానించుడు నాకే మంచిగనిపిస్తలేదు ఆంటీ అన్నారు ఆయన. అప్పుడే డిసెంబరు సంగతి ఎత్తారు. మేడమ్ మాత్రం తొందరపడొద్దని చెప్పి, ఆఫీసులో ఎవరినో అడిగి థెరపీ అమ్మాయిని మాట్లాడారు.

ఆ అమ్మాయి కడప వైపు ముస్లింల ఆడపడుచు. తలకు స్కార్ఫు, ముక్కు మీదికి మాస్కు, మధ్యలో కళ్ళు మాత్రం కనిపించేవి. నేను డాక్టరమ్మా అంటే, డాక్టరంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారక్కా అంది. మొదటి రోజు నేను రాసిపెట్టింది తీసి చదివింది. ‘పాపకు బస్సంటే భయం. కొంచెం మొండితనం కూడా’ అని రాశాను. పెన్ను తీసుకుని రెండు మాటల మీదా గీత గీసేసింది.

“భయం యాడుందక్కా? చూపించు.”

“ఏడుస్తుంది కదమ్మా.”

“ఏడుపు చూసినావు, సరే. భయమనేది నువ్వు పెట్టిన పేరు. పేరు పెట్టేస్తే ఇంగ వెతకం. ముందర ఏం జరిగిందో రాయి, ఏం చేసిందో రాయి, తర్వాత ఎవురేం చేసినారో రాయి. అంతే.”

వాళ్ళ చదువులో ఇదొక దారట. మనిషి లోపల ఏముందో తలుపు తీసి చూడలేం కాబట్టి, బయటికి కనిపించే పనుల్ని పట్టుకుని వెనక్కి నడవడం. మనం కోపం, భయం, ప్రేమ అంటున్నవి చాలావరకు నలుగురి మధ్యా అలవాటైనవేనట. ఫలానా దాని తర్వాత ఫలానాది వస్తుందని ఒళ్ళు నేర్చుకుంటుందట. వాళ్ళ నాన్న గురించి చెప్పింది. కుక్కర్ మూడో విజిల్ వేస్తే చాలు ఆయన లేచి చేతులు కడుక్కుంటాడట, అంతకుముందే టిఫిన్ తిన్నా సరే. ఆకలి కడుపుది కాదక్కా, విజిల్‌ది అంది. నాకు నవ్వొచ్చింది కానీ ఒక మాట గుచ్చుకుంది. లోపల ఏమీ లేదంటావా అమ్మా, దేవుడు చూసేది లోపలే కదా అని అడిగాను. “అది ఆయన పని అక్కా. నాకూ నీకూ ఇచ్చింది రెండు కళ్ళే,” అంది. ఆ జవాబుకి ఇవాళ్టికీ నేను ఆమెకు రుణపడి ఉన్నాను.

అలా రాయడం మొదలుపెట్టాను. మొదట్లో చెయ్యి వినేది కాదు, ‘అలిగింది’ అని రాసి కొట్టేసి ‘గోడ వైపు తిరిగింది, పిలిస్తే తిరగలేదు’ అని రాసేదాన్ని. నాలుగు రోజులకు కళ్ళు అలవాటుపడ్డాయి. నిద్రకు ముందు ఎడమ చెవి రుద్దుకుంటుందని, మిక్సీ తిరిగే ముందు నేను జార్ మీద మూత నొక్కడం చూసే చెవులు మూసుకుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. నాలుగేళ్ళు పెంచి కూడా తెలియదు. పొద్దుటి పేజీలు మాత్రం అన్నీ ఒకలాగే ఉండేవి. ముందు: షూ వేశాను. చేసింది: అరిచింది, స్టాండు పట్టుకుంది, నా ముఖం గీకింది. తర్వాత: బస్సు వెళ్ళిపోయింది.

నెత్తి మీద చెయ్యి సంగతి ఒక్క పేజీలోనూ రాయలేదు. దాచానా అంటే మొదట్లో దాచలేదనే చెప్పాలి. ఊపిరి పీల్చానని ఎవరైనా రాస్తారా, అదీ అలాంటిదే అనుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు థెరపీ అమ్మాయి పేజీలు తిప్పి, అంచున నేను వేసిన టైముల మీద వేలు పెట్టింది. షూ వేయడం ఏడూ రెండుకి, అరుపు ఏడూ నాలుక్కి. ఈ రెండు నిమిషాల్లో ఏముందక్కా అని అడిగింది.

“ఏం లేదమ్మా.”

అంటూనే నా చెయ్యి బల్ల తుడవడం మొదలుపెట్టింది. అంతకుముందే తుడిచిన బల్ల అది. ఆమె నా ముఖం చూడలేదు, ఆ చేతినే చూసింది. సరే, రేపు రాయి అని మాత్రం అంది. ఆమె వెళ్ళాక నా గురించి నేను ఆ మూడు గడుల్లో వేసుకున్నాను, కాగితం మీద కాదు, మనసులో. ముందు: ఆమె అడిగింది. చేసింది: లేని మురికి తుడిచింది. నేను భయపడుతున్నానని నా చేతిని చూశాకే నాకు తెలిసింది.

ఇక మూడు రోజులే ఉన్నాయనగా ఒక మంగళవారం, షూ లేసులు కడుతుండగా తలుపు తీసే ఉంది. ఎదురింటి ఆవిడ లిఫ్టు ఆపి పట్టుకుని రండి రండి అని పిలిచింది. బ్యాగు ఒక చేత్తో, పాపను ఒక చేత్తో పట్టుకుని పరిగెత్తాను. పాప లోపలికి వచ్చి తనే కింది బటన్ నొక్కింది. బస్సెక్కింది. కిటికీలోంచి నా వైపు చూసింది కూడా. పైకి వచ్చి వంటింటి గచ్చు మీద కూలబడ్డాను. ఆ రోజు కృతజ్ఞతలు అయిదుతో ఆగలేదు.

మర్నాడు నేను చేసిన పని, నాలాంటి వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయరు. నిన్నటి మేలుకి బిడ్డ ముందే స్తోత్రం చెప్పాలనిపించింది. లేసులు కట్టి, నెత్తి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాను. మాట పూర్తి కాలేదు. అరుపు. కానీ పది రోజులుగా చూడ్డం నేర్చుకున్న కళ్ళు కదా, ఈసారి వెంటనే తెరుచుకున్నాయి. పాప తలుపు వైపు చూడటం లేదు. బ్యాగు వైపూ చూడటం లేదు. నా ముఖమే చూస్తోంది. తన చిన్న వేళ్ళు నా కనురెప్పల మీద ఉన్నాయి. గీకడం కాదు అది. నా కళ్ళు తెరవడానికి పెనుగులాడుతోంది.

నా చేతిని తీసేశాను. నిన్న లిఫ్టు హడావిడిలో ఆ చెయ్యి పెట్టలేదు, సార్ దింపిన రోజుల్లోనూ పెట్టలేదు. అక్కడే కూర్చుండిపోయాను. పాప కక్కేసిన ఇడ్లీ నా ఒళ్ళో ఉంది.

నేను కళ్ళు మూసుకోగా ఆ పిల్ల ఎప్పుడెప్పుడు చూసింది? ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. టీకా సూది గుచ్చేటప్పుడు, చూడలేక. కరోనా పరీక్షకు ముక్కులో పుల్ల పెట్టేటప్పుడు, నలుగురం పట్టుకుంటే నా చెయ్యి నెత్తి మీద. ఆ ఏడాది మొదట్లో మేడమ్‌కి ఊపిరి అందక ఆసుపత్రి వాళ్ళు తీసుకెళ్ళారు. తెల్లటి సూట్లలో ఇద్దరు వచ్చారు. చెప్పుల స్టాండు దగ్గరే పాపను నా మోకాళ్ళ మధ్య పట్టుకుని, నెత్తి మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి తలుపు వేసి ఉంది. మేడమ్ మళ్ళీ ఇంటికి రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. కృతజ్ఞతలన్నీ వంటింట్లో, పాప చూడని చోట చెప్పుకున్నాను. పాప ముందు చేసినవన్నీ ఆపద ప్రార్థనలే. ఏమీ నేర్పొద్దని మేడమ్ అన్నారు. నేను కళ్ళు మూసుకుంటే అమ్మ పోతుందని నేర్పాను.

ఇప్పుడు నా ముందు సులువైన దారి ఒకటి ఉంది. రేపటి నుంచి ఆ చెయ్యి పెట్టకపోతే సరి. పాప అరవదు, బస్సెక్కుతుంది, నోటుబుక్కు బాగుంటుంది, వీసా వస్తుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఆ సాయంత్రం గిన్నెల దగ్గర నిలబడి అయిదు కృతజ్ఞతలు చెప్పుకోబోయాను. మొదటిది దాటలేదు. కెమెరా పెట్టాక భయపడి కొట్టడం మానేసిందని సార్ ఎప్పటికీ అనుకుంటారు. అది పోనీ. జుట్టు సర్దానన్న అబద్ధం మీద నిలబడి ఆ బిడ్డకు అన్నం ఎలా కలపడం? నోటుబుక్కు తెచ్చి మొదటి గడిలో రాశాను. ‘ముందు: పాప నెత్తి మీద చెయ్యి పెట్టాను. కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. రోజూ చేశాను. ఇన్నాళ్ళూ రాయలేదు.’

శుక్రవారం సెలవు. థెరపీ అమ్మాయి వచ్చింది. సార్, మేడమ్ సోఫాలో కూర్చున్నారు, పాప లోపల బొమ్మలతో ఉంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. నోటుబుక్కు సార్ చేతికే ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పి ఆఖరి పేజీ దగ్గర ఆగారు. పైకి చదవలేదు, మేడమ్‌కి అందించారు. నా చేతులు పైట కొంగు చుట్టుకుంటున్నాయి, చుట్టుకోనిచ్చాను.

“నీకు మొదటి దినమే చెప్పిన కదా ఆంటీ,” అన్నారు మేడమ్.

“చెప్పారండి. తప్పు నాదేనండి.”

సార్ ఆ వీడియో తీసి ఇంకోసారి చూశారు. కొట్టినవనుకున్న అన్నారు, నాతోనో తనతోనో తెలియలేదు. ఇంకెప్పుడెప్పుడు అట్ల పెట్టినావక్కా అని థెరపీ అమ్మాయి అడిగింది. సూది గురించి చెప్పాను, పుల్ల గురించి చెప్పాను. ఆసుపత్రి బండి వచ్చిన రోజు గురించీ చెప్పాను. మేడమ్ తల వంచుకుని ఉన్నారు. నోటుబుక్కు మూసి తలెత్తారు.

“ఆ దినం నేను లిఫ్టు కాడ ఎనకకు మర్రి చూసిన. పాప నెత్తి మీద నీ చెయ్యి ఉండె. ఇంక ఫర్వాలేదనుకొని పోయిన.”

ఒకే చెయ్యి. తల్లికి ధైర్యం, బిడ్డకు గుండె ఆగినంత పని. థెరపీ అమ్మాయి దగ్గి, తన పద్ధతిలోకి తెచ్చింది. చెయ్యి చెడ్డది కాదక్కా, దాని వెనకాల వచ్చేది చెడ్డదైపోయింది అంది. పొద్దున పూట పూర్తిగా మానేయాలి. సాయంత్రం వాళ్ళమ్మ తాళం తిప్పే చప్పుడైనప్పుడు అదే చెయ్యి, అదే కళ్ళు మూసుకోవడం, తెరిచేసరికి ఎదురుగా అమ్మ. రోజూ అదే. నెల రోజులు చూద్దాం అంది.

సార్ మేడమ్ వైపు చూశారు. మేడమ్ నా వైపు చూశారు. “నువ్వేం మొక్కుతవో నాకు తెల్వద్దు, పాపకూ తెల్వద్దు. చెయ్యి మాత్రం పెట్టు,” అన్నారు. వీసా మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

మొదటి సాయంత్రం నరకంలా గడిచింది. తాళం చప్పుడు విని చెయ్యి పెట్టగానే పాప బిగుసుకుంది. కళ్ళు మూసుకోగానే అరుపు అందుకుంది. తెరిచేసరికి మేడమ్ బ్యాగు కింద పడేసి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. అరుపు మధ్యలో ఆగింది. రెండో రోజూ అంతే. అయిదో రోజు బిగుసుకుంది కానీ అరవలేదు. తర్వాత ఒక రోజు మళ్ళీ అరిచింది. మేడమ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు, పక్కింటి తాళాన్ని మా తాళమనుకుని కళ్ళు మూశాను. తెరిస్తే ఎదురుగా మూసిన తలుపు. ఆ తప్పు దిద్దుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. పొద్దున్న పూట నా చేతులు ఏం చేయాలో తెలియక లంచ్ బ్యాగు రెండు చేతులా పట్టుకునేదాన్ని. అలా పట్టుకుని, కళ్ళు తెరిచి, పాపనే చూస్తూ లోపల అడిగేదాన్ని. కళ్ళు తెరిచి ప్రార్థించడం చెమటలు పట్టే పని అని నాకప్పుడే తెలిసింది. చూస్తున్నవన్నీ అడ్డం వస్తాయి. పాప మాత్రం కాళ్ళు ఊపుకుంటూ లిఫ్టు దాకా నడిచేది.

నవంబరు చివర ఒక సాయంత్రం నేను వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నాను. తాళం చప్పుడు నాకు వినపడలేదు. పాప పరిగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి లాగింది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. ‘ఆంతీ’ అంటూ ఆ చేతిని తన నెత్తి మీద పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. గుమ్మంలో మేడమ్ చెప్పులు విప్పుతూ మమ్మల్ని చూశారు. తాలింపు మాడిపోయింది. ఆ రాత్రి నోటుబుక్కులో రాశాను. మొదటి గడిలో తాళం చప్పుడు. రెండో గడిలో పాప చేసింది. మూడో గడిలో, ఆంటీ కళ్ళలో నీళ్ళు. ఎందుకో రాయలేదు.

డిసెంబరు మొదట్లో సార్ నా పాస్‌పోర్టు తీసుకుని, రేపు పొద్దున్న నాతో రా ఆంటీ, ఐడీ ఫోటోకి పోవాలె అన్నారు. అంతే అన్నారు. ఆ ఆఫీసులో పెద్ద క్యూ. నా వంతు వచ్చాక స్టూలు మీద కూర్చోబెట్టారు. వీసా పొడిగించారు, స్తోత్రం. బిడ్డ దగ్గర ఉండనిచ్చారు, స్తోత్రం. మూడోది చెప్పుకోబోతుంటే కెమెరా వెనకున్నతను చిరాకు పడ్డాడు.

“అమ్మాజీ, ఆంఖే బంద్ మత్ కరో.”

కళ్ళు మూయొద్దట. ఇదిగో బాబూ అని తెరిచాను. మిగతా మూడూ తెరిచిన కళ్ళతోనే చెప్పుకున్నాను. ఆ కార్డు మీద ఫోటోలో నా కళ్ళు కొంచెం ఎక్కువే తెరుచుకుని ఉంటాయి.